జెర్రీ లాసన్

జెర్రీ లాసన్ గా ప్రసిద్ధుడైన జెరాల్డ్ ఆండర్సన్ లాసన్ (డిసెంబరు 1, 1940 - ఏప్రిల్ 9, 2011) అమెరికా దేశానికి చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. టీవీకి కలుపుకొని ఆడే వీడియో గేము యంత్రములో ఆటను విడిగా ఒక కార్ట్రిడ్జిలో ఉంచి, కావలసినప్పుడు మార్చుకొనే పద్ధతిని మొట్టమొదట విపణిలోనికి తెచ్చిన యంత్రము ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్ (1976). దాని నిర్మాణానికి ఈయన నాయకత్వం వహించాడు. 1990 దశకములో తెలుగు పట్టణాలకు కూడా చేరిన టీవీ గేములలో పిల్లలు "కేసెట్టు" అని పిలుచుకొన్న ప్లాస్టిక్ పెట్టెకు మూలము ఈ పద్ధతిలోనే ఉంది. లాసన్‌ను "వీడియో గేము కార్ట్రిడ్జి పితామహుడు" అని వ్యవహరిస్తారు. ఆ ఆలోచన మాత్రము ఈయన ఒక్కడిది కాదు; దానిని సామాన్యుల ఇండ్లలో పనిచేసే వస్తువుగా మలచడము ఈయన చేసిన కృషి.

నేపథ్యము

ఇంటిలో ఆడుకొనే మొట్టమొదటి వీడియో గేము యంత్రము మాగ్నవాక్స్ ఒడిస్సీ 1972లో వెలువడింది. దానికి కూడా మార్చుకొనే కార్డులు ఉండేవి. కాని ఆ కార్డులలో ఆట ఉండేది కాదు. యంత్రములో ముందే అమర్చిన సర్క్యూట్లను వేర్వేరు విధాలుగా కలపడము వరకే వాటి పని. 1975లో అటారి సంస్థ ఇండ్ల కోసము విడుదల చేసిన పాంగ్ యంత్రములో ఆట తీగలలోనే స్థిరపడి ఉండేది. కొన్న వ్యక్తికి ఆ ఆట విసుగు పుడితే యంత్రము మూలన పడేది; కొత్త ఆట కావాలంటే కొత్త యంత్రము కొనవలసి వచ్చేది.

మైక్రోప్రాసెసరు రాకతో ఈ పరిస్థితి మారింది. ఆట అనేది తీగల అమరికగా కాక, మెమరీ చిప్పులో వ్రాసిన ఆదేశాల వరుసగా మారింది. చిప్పును మారిస్తే ఆట మారుతుంది. అయితే ఇంజనీర్లు మాత్రమే ముట్టుకొనే చిప్పును చిన్నపిల్లల చేతికి ఎలా ఇవ్వాలన్న ప్రశ్నకు అప్పటికి సమాధానము లేదు.

బాల్యము, విద్యాభ్యాసము

లాసన్ న్యూయార్క్ నగరములోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. క్వీన్స్ ప్రాంతములోని ప్రభుత్వ గృహ సముదాయములో పెరిగాడు. తండ్రి ఓడరేవులో సరుకులు ఎత్తి దించే కార్మికుడు. శాస్త్ర విషయాల పుస్తకాలపై ఆయనకు మక్కువ ఎక్కువ. తల్లి నగరపాలక సంస్థలో ఉద్యోగిని. తాత భౌతికశాస్త్రము చదివినా, నల్లజాతీయులకు ఆ రంగములో అవకాశాలు లేని కాలము కావడము వలన తపాలా శాఖలో పనిచేశాడు.

కుమారుని చదువు విషయములో తల్లి చాలా పట్టుదల చూపింది. తమ పేటలోని బడి నచ్చక, అధిక సంఖ్యాకులు శ్వేతజాతి పిల్లలే ఉన్న మరొక బడిలో చేర్చింది. ఆ బడి తల్లిదండ్రుల సంఘానికి తానే అధ్యక్షురాలైంది. అక్కడ మొదటి తరగతి ఉపాధ్యాయురాలు లాసన్ కూర్చొనే చోట నల్లజాతి శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ చిత్రాన్ని ఉంచి, నీవు కూడా అటువంటివాడివి కావచ్చునని ప్రోత్సహించింది. ఆ ప్రోత్సాహము తన మీద చాలా ప్రభావము చూపినదని లాసన్ తరువాతి కాలములో చెప్పుకొన్నాడు.

పదమూడేళ్ళ వయసులో ఔత్సాహిక రేడియో (హామ్ రేడియో) లైసెన్సు సంపాదించి, దుకాణాలలో విడిభాగాలు కొని తన గదిలోనే రేడియో కేంద్రాన్ని నిర్మించుకొన్నాడు. అనుమతి పత్రముపై సంతకము చేయడానికి గృహ సముదాయ నిర్వాహకులు ఒప్పుకోలేదు. లాసన్ నిబంధనల పుస్తకాన్ని చదివి, ప్రభుత్వ గృహాలలో నివసించేవారికి అటువంటి అనుమతి అవసరము లేదని తానే కనుగొన్నాడు. వాకీటాకీలు తయారుచేసి అమ్మడము, ఇరుగుపొరుగువారి టీవీలు బాగుచేయడము ద్వారా కౌమారములోనే సంపాదన మొదలుపెట్టాడు.

క్వీన్స్ కాలేజీలోను, సిటీ కాలేజ్ ఆఫ్ న్యూయార్క్‌లోను కొంతకాలము చదివాడు కాని పట్టా పుచ్చుకోలేదు. ఈయన ఎలక్ట్రానిక్స్ విజ్ఞానములో ఎక్కువ భాగము సొంతముగా నేర్చుకొన్నది.

ఉద్యోగ జీవితము

ఫెడరల్ ఎలక్ట్రిక్, గ్రమ్మన్ ఎయిర్‌క్రాఫ్ట్, పీఆర్‌డీ ఎలక్ట్రానిక్స్ వంటి సంస్థలలో పనిచేసిన తరువాత లాసన్ కాలిఫోర్నియాకు తరలివెళ్ళాడు. 1970లో ఫెయిర్‌చైల్డ్ సెమికండక్టర్ సంస్థలో చేరాడు. సిలికాన్ లోయ అని పేరుపడిన ప్రాంతములో చిప్పుల పరిశ్రమకు పునాది వేసిన సంస్థలలో ఇది ముఖ్యమైనది. సంస్థ తయారుచేసే చిప్పులను కొనుగోలుదారులు తమ పరికరాలలో ఎలా వాడుకోవచ్చునో వివరించి, సహాయపడటము లాసన్ బాధ్యత.

ఆ కాలములో ఆ ప్రాంతములో నల్లజాతి ఇంజనీర్లు చాలా అరుదు. ఆరున్నర అడుగుల ఎత్తు గల లాసన్‌ను ఫోనులో మాత్రమే ఎరిగినవారు, ఎదురుపడినప్పుడు ఈయన నల్లజాతీయుడని చూసి ఆశ్చర్యపడిన సందర్భాలు ఉండేవి.

1975 మార్చిలో మొదలైన హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బులో లాసన్ సభ్యుడు. ఇండ్లలో సొంతముగా కంప్యూటర్లు తయారుచేసుకొనే ఔత్సాహికుల సంఘము అది. అందులో ఉన్న ఇద్దరు నల్లజాతి సభ్యులలో ఈయన ఒకడు. తరువాత ఆపిల్ సంస్థను స్థాపించిన స్టీవ్ వోజ్నియాక్‌ను ఫెయిర్‌చైల్డ్‌లో ఒక ఉద్యోగము కోసము లాసన్ ఇంటర్వ్యూ చేశాడు కాని తీసుకోలేదు.

గ్యారేజిలో తయారైన ఆట

ఫెయిర్‌చైల్డ్‌లో పనిచేస్తూనే లాసన్ తన ఇంటి గ్యారేజిలో డెమాలిషన్ డెర్బీ అనే ఆటను తయారుచేశాడు. నాణెము వేసి ఆడే ఈ యంత్రములో కార్లు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. దీనిలో ఫెయిర్‌చైల్డ్ వారి కొత్త ఎఫ్8 మైక్రోప్రాసెసరును వాడాడు. మైక్రోప్రాసెసరుతో నడిచిన తొలి వీడియో గేములలో ఇది ఒకటి. ఒక పిజ్జా దుకాణములో దీనిని ఉంచి పరీక్షించాడు.

ఈ విషయము సంస్థ అధికారులకు తెలిసింది. ఇంటివద్ద చేసిన ఈ పనే లాసన్ వృత్తి జీవితాన్ని మలుపు తిప్పింది. సంస్థ వీడియో గేముల రంగములో అడుగుపెట్టాలని ఆలోచిస్తున్న సమయములో, ఆ పనికి తగినవాడు తమ వద్దనే ఉన్నాడని వారు గ్రహించారు. లాసన్‌ను కొత్త వీడియో గేముల విభాగములో ఇంజనీరింగుకు అధిపతిగా నియమించారు.

ఛానెల్ ఎఫ్

ఆల్పెక్స్ నమూనా

కనెక్టికట్ రాష్ట్రములోని ఆల్పెక్స్ కంప్యూటర్ అనే చిన్న సంస్థలో వాలెస్ కిర్ష్‌నర్, లారెన్స్ హాస్కెల్ అనే ఇంజనీర్లు మెమరీ చిప్పులను మార్చి ఆటలు మార్చే ఒక నమూనా యంత్రాన్ని నిర్మించారు. ఇంటెల్ 8080 మైక్రోప్రాసెసరుతో పనిచేసే ఆ నమూనాను పరిశీలించడానికి ఫెయిర్‌చైల్డ్ లాసన్‌ను పంపింది. ఆలోచన బాగున్నదని, కాని ఉన్నది ఉన్నట్లుగా అమ్మదగిన వస్తువు కాదని లాసన్ గుర్తించాడు. ఫెయిర్‌చైల్డ్ ఆ సాంకేతికతకు లైసెన్సు తీసుకొన్నది. 8080 స్థానములో తమ ఎఫ్8ను అమర్చి, యంత్రాన్ని కొత్తగా రూపొందించే పని లాసన్ బృందము చేపట్టింది. నిక్ టేల్స్‌ఫోర్ యంత్రము, కార్ట్రిడ్జి బయటి ఆకృతిని రూపొందించాడు. రాన్ స్మిత్ యాంత్రిక భాగాలను తీర్చాడు.

కార్ట్రిడ్జి నిర్మాణము

అంతవరకు మెమరీ చిప్పును ఒకసారి బోర్డుపై అతికిస్తే మరల తీయవలసిన పని ఉండేది కాదు. ఇప్పుడు దానిని పిల్లలు రోజూ అనేకసార్లు పెట్టి తీస్తారు. దీనివలన రెండు సమస్యలు ఎదురయ్యాయి. మొదటిది అరుగుదల: ఎన్నిసార్లు పెట్టి తీసినా లోహపు అంచులు సరిగా తగలాలి. రెండవది స్థిర విద్యుత్తు: పొడి వాతావరణములో తివాచీపై నడిచి వచ్చిన పిల్లవాని వేలినుండి వెలువడే చిన్న మెరుపు కూడా చిప్పును పాడుచేయగలదు. ఇటువంటి వస్తువును పెద్ద సంఖ్యలో సామాన్య ప్రజలకు అమ్మిన అనుభవము ఎవరికీ లేదు. చిప్పును, దాని బోర్డును బలమైన పసుపుపచ్చని ప్లాస్టిక్ పెట్టెలో భద్రపరచి ఈ సమస్యలను అధిగమించారు. చూడటానికి ఆనాటి ఎనిమిది ట్రాకుల పాటల టేపులా ఉండే ఈ పెట్టెకు "వీడియోకార్ట్" అని పేరు పెట్టారు.

మరొక అడ్డంకి ప్రభుత్వ నిబంధనలు. ఇటువంటి యంత్రము నుండి వెలువడే రేడియో తరంగాలు పొరుగిళ్ళ టీవీలకు అంతరాయము కలిగించకూడదని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కఠినమైన పరిమితులు విధించింది. యంత్రములోని బోర్డును అల్యూమినియము తొడుగులో ఉంచి, కార్ట్రిడ్జి దూరే మార్గానికి కూడా లోహపు కవచము అమర్చవలసి వచ్చింది. పదమూడేళ్ళ వయసు నుండి రేడియోలతో పనిచేసిన లాసన్‌కు ఈ విషయము కొత్త కాదు.

యంత్రము వివరాలు

1976 నవంబరులో ఈ యంత్రము "వీడియో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టం" అనే పేరుతో విడుదలైంది. తరువాత ఛానెల్ ఎఫ్ అని పేరు మార్చారు. ధర 169.95 డాలర్లు. టెన్నిస్, హాకీ ఆటలు యంత్రములోనే ఉండేవి. మిగిలినవి ఒక్కొక్కటి 19.95 డాలర్లకు వీడియోకార్టుల రూపములో అమ్మేవారు. మొదటి వీడియోకార్టులో టిక్-టాక్-టో, షూటింగ్ గ్యాలరీ, బొమ్మలు గీసే డూడుల్ వంటివి ఉన్నాయి. ఆటను మధ్యలో నిలిపి, తిరిగి కొనసాగించడానికి "హోల్డ్" మీట ఉండేది. చేతిలో పట్టుకొనే పిడిని ఎనిమిది దిక్కులకు వంచడమే కాక, త్రిప్పడము, పైకి లాగడము, క్రిందికి నొక్కడము కూడా వీలయ్యేది.

విపణిలో ఫలితము

1977 సెప్టెంబరులో అటారి సంస్థ వీడియో కంప్యూటర్ సిస్టం (తరువాతి పేరు అటారి 2600) అనే కార్ట్రిడ్జి యంత్రాన్ని విడుదల చేసింది. ఛానెల్ ఎఫ్ రాక అటారిని తొందరపెట్టిన కారణాలలో ఒకటి. మెరుగైన బొమ్మలు, ప్రజలకు ముందే పరిచయమున్న ఆటలు ఉండటము వలన అటారి యంత్రము క్రమముగా సుమారు 3 కోట్లు అమ్ముడుపోయింది. ఛానెల్ ఎఫ్ అమ్మకాలు కొన్ని లక్షలను దాటలేదు. 1979లో ఫెయిర్‌చైల్డ్ ఈ యంత్రము హక్కులను జిర్కాన్ ఇంటర్నేషనల్ సంస్థకు అప్పగించింది. యంత్రము ఓడిపోయినా పద్ధతి నిలిచింది. తరువాత వచ్చిన అటారి, నింటెండో, సెగా యంత్రాలలో అనేకము ఇదే దారిలో నడిచాయి.

కార్ట్రిడ్జి సృష్టికర్త ఎవరు?

పత్రికలలో తరచుగా లాసన్ ఒక్కడే కార్ట్రిడ్జిని కనుగొన్నట్లు వ్రాస్తారు. ఇది పూర్తిగా సరికాదు. మెమరీ చిప్పును మార్చి ఆటను మార్చే మొదటి నమూనా ఆల్పెక్స్ ఇంజనీర్లది. 1977లో మంజూరైన పేటెంటు కూడా కిర్ష్‌నర్, హాస్కెల్ పేర్లతోనే ఉంది. ఆ పేటెంటు ఆధారముగా ఆల్పెక్స్ నింటెండోపై దావా వేయగా, 1994లో జ్యూరీ 25 కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారము చెల్లించాలని తీర్పునిచ్చింది. 1996లో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసింది.

మరొకవైపు, పరిశ్రమ చరిత్రలు చాలాకాలము లాసన్ పేరునే ఎత్తలేదు. ఛానెల్ ఎఫ్ అటారి నీడలో మరుగునపడటముతో దానిని నిర్మించినవారు కూడా మరుగునపడ్డారు. ఆల్పెక్స్ వారి ఆలోచన, టేల్స్‌ఫోర్, స్మిత్‌ల రూపకల్పన, లాసన్ నాయకత్వము కలిసినప్పుడే వీడియోకార్ట్ తయారైంది. బల్ల మీద పనిచేసే నమూనాను ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో తయారుచేసి, పిల్లల చేతికి నిర్భయముగా ఇవ్వగల వస్తువుగా మార్చడములో లాసన్ పాత్ర ప్రధానమైనది.

వీడియోసాఫ్ట్

1980లో లాసన్ ఫెయిర్‌చైల్డ్‌ను వదలి వీడియోసాఫ్ట్ అనే సొంత సంస్థను స్థాపించాడు. నల్లజాతీయుల యాజమాన్యములో నడిచిన తొలి వీడియో గేము సంస్థలలో ఇది ఒకటి. తన యంత్రాన్ని ఓడించిన అటారి 2600 కొరకే ఈ సంస్థ కార్ట్రిడ్జిలు రూపొందించింది. వాటిలో కలర్ బార్ జనరేటర్ అనేది ఆట కాదు. టీవీలో రంగులను సరిచేసుకోవడానికి గీతల నమూనాను చూపే సాధనము. ఒకప్పుడు ఇంటింటా టీవీలు బాగుచేసిన వ్యక్తి నుండి ఇటువంటి కార్ట్రిడ్జి రావడము సహజమే. 1983లో అమెరికా వీడియో గేము పరిశ్రమ కుప్పకూలింది. వీడియోసాఫ్ట్ కూడా కొద్ది సంవత్సరాలకు మూతపడింది. విడుదల కాకుండా మిగిలిపోయిన కొన్ని ఆటలు 2010లో పాత యంత్రాల అభిమానుల చొరవతో కార్ట్రిడ్జిలుగా వెలువడ్డాయి. ఆ తరువాత లాసన్ సలహాదారుగా పనిచేశాడు.

ఇండ్లలో తయారయ్యే కార్ట్రిడ్జిలు

కార్ట్రిడ్జి పద్ధతి వలన కలిగిన ఒక ఫలితము, యంత్రము తయారీ ఆగిపోయిన తరువాత కూడా దానికి కొత్త ఆటలు చేయగలగడము. అనేక దేశాలలో ఔత్సాహికులు పాత యంత్రాల కొరకు తామే ఆటలు వ్రాసి, ఇంటిలోనే కార్ట్రిడ్జిలు తయారుచేస్తున్నారు. ఫ్యాక్టరీ చిప్పులో సమాచారము తయారీ సమయములోనే శాశ్వతముగా ముద్రితమవుతుంది. కాబట్టి ఇంటిలో చేసేవారు దాని బదులు ఈప్రామ్ అనే చిప్పును ఎక్కువగా వాడుతూ వచ్చారు. 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ కనుగొన్న ఈ చిప్పులో ప్రత్యేక పరికరముతో సమాచారము వ్రాయవచ్చు; పైనున్న గాజు కిటికీ ద్వారా అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసి చెరిపివేయవచ్చు. వ్రాయడము పూర్తయిన తరువాత వెలుతురు సోకకుండా ఆ కిటికీపై కాగితము అతికిస్తారు. పిమ్మట చిప్పును సర్క్యూట్ బోర్డుపై సోల్డరింగు చేసి పాత పెట్టెలో అమరుస్తారు.

ప్రతి యంత్రానికి దాని చిక్కులు ఉన్నాయి. అటారి 2600 కార్ట్రిడ్జి చిప్పును ఎంపిక చేసే సంకేతము సాధారణ ఈప్రామ్‌కు కావలసిన దానికి వ్యతిరేక దిశలో ఉంటుంది. అందువలన సంకేతాన్ని తలక్రిందులు చేసే మరొక చిన్న చిప్పు అవసరము. ఛానెల్ ఎఫ్ విషయములో చిక్కు ఇంకా ఎక్కువ. ప్రోగ్రాములో తరువాతి ఆదేశము ఎక్కడున్నదో గుర్తుంచుకొనే భాగము సాధారణముగా ప్రాసెసరులో ఉంటుంది. ఎఫ్8 కుటుంబములో అది మెమరీ వైపు చిప్పులలో ఉంటుంది. వీడియోకార్టులలో వాడిన 3851 అనే చిప్పు 1,024 బైట్ల ప్రోగ్రాముతో పాటు ఈ పనిని కూడా చేస్తుంది. కాబట్టి మామూలు ఈప్రామ్‌ను నేరుగా తగిలిస్తే ఛానెల్ ఎఫ్ పనిచేయదు. మధ్యలో 3853 వంటి అనుసంధాన చిప్పు గాని, దాని పనిని అనుకరించే సర్క్యూటు గాని ఉండాలి. ఇన్ని అడ్డంకులు ఉన్నా 2009లో ఛానెల్ ఎఫ్ కొరకు ప్యాక్-మ్యాన్ ఆటను ఔత్సాహికులు కార్ట్రిడ్జిగా తయారుచేశారు. అప్పటికి ఆ యంత్రము విడుదలై 33 సంవత్సరాలు గడిచాయి.

చివరి సంవత్సరాలు, గుర్తింపు

లాసన్ 1965లో వివాహము చేసుకొన్నాడు. ఈయనకు ఇద్దరు సంతానము. 2003 ప్రాంతము నుండి మధుమేహము ఈయన ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. ఒక కన్ను చూపును, ఒక కాలి వాడుకను కోల్పోయినా ఇంటివద్ద ఎలక్ట్రానిక్స్ పనులు మానలేదు. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయము విద్యార్థులకు మార్గదర్శకునిగా కూడా వ్యవహరించాడు.

2011 మార్చిలో అంతర్జాతీయ గేము డెవలపర్ల సంఘము లాసన్‌ను పరిశ్రమ మార్గదర్శకునిగా సత్కరించింది. ఛానెల్ ఎఫ్ విడుదలైన 34 సంవత్సరాల తరువాత లభించిన ఈ గౌరవాన్ని అందుకొన్న నెల రోజులకే, ఏప్రిల్ 9న, కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో మధుమేహ సంబంధమైన అనారోగ్యముతో మరణించాడు.

మరణానంతరము ఈయన పేరు విస్తృతముగా తెలియవచ్చింది. న్యూయార్క్ రాష్ట్రము రాచెస్టర్‌లోని స్ట్రాంగ్ జాతీయ ఆటల మ్యూజియములో లాసన్ కృషికి స్థానము కల్పించారు. 2021లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో, గేముల రూపకల్పన చదివే నల్లజాతి, ఆదివాసీ విద్యార్థులకు సహాయపడేందుకు ఈయన పేరిట ఒక నిధి ఏర్పాటయింది. 2022 డిసెంబరు 1న, లాసన్ 82వ జయంతి సందర్భముగా, గూగుల్ తన మొదటి పుటలో ఒక ప్రత్యేక చిత్రాన్ని ఉంచింది. అందులో చూసేవారు చిన్న చిన్న ఆటలు ఆడటమే కాక, వాటిని తమకు తోచినట్లు మార్చి సొంత ఆటలు తయారుచేసుకొనే వీలు కూడా కల్పించారు.